ఎర్రపీతల దగ్గర మౌనవ్రతం

ఆ ఆదివారం పొద్దున్నే జంషెడ్‌పూర్ టెల్కో కాలనీ క్వార్టర్లో బంగార్రాజు భార్యనీ కూతుర్నీ హాల్లో నిలబెట్టి డ్రిల్లు చేయించాడు. ట్రక్కుల ప్లాంటులో పైన క్రేను నడిపేవాడికి కింద నుంచి చేతులతో సైగలు చెయ్యడం అతని ఉద్యోగం. అంత రొదలో నోటితో పని జరగదు. బంగార్రాజు వేలు తిప్పితే ఇంజను గాల్లోకి లేస్తుంది, పిడికిలి బిగిస్తే ఎక్కడిదక్కడే ఆగుతుంది. అతని సైగంటే ప్లాంటులో అందరికీ గురి.

"ఇనండి. రాత్రికి టాటానగర్లో రైలెక్కుతున్నాం. బాలాసోర్ అవతల మనం సూడబోయేది ఎర్రపీతలు. వేలకి వేలు ఇసక మీద తిరుగుతాయంట. మాట ఇనబడితే సాలు, కన్నాల్లో దూరిపోతాయి. అంచేత అక్కడెవరూ నోరెత్తకూడదు. అన్నీ సైగలే."

ఈ మాట అతను భార్య అసిరమ్మ వైపు చూసే అన్నాడు. అసిరమ్మ గొంతు విప్పితే పక్క లైన్లో పోతున్న కూరల బండి ఆగుతుంది.

"నాను మాటాడితే పీతలకేటి నష్టం?" అంది అసిరమ్మ.

"నాన్నా, యే ఛుట్టీ హై యా ట్రైనింగ్? ఇది సెలవా, డ్రిల్లా?" అంది కూతురు ప్రసన్న.

బంగార్రాజు ఇద్దరికీ పిడికిలి చూపించాడు. ఆపమని అర్థం.

మర్నాడంతా సముద్రం ఒడ్డు పల్లెలో దిగి లాడ్జీ చూసుకోవడానికీ, అలసట తీర్చుకోవడానికీ సరిపోయింది. ఆ మర్నాడు తెల్లారాక ముగ్గురూ ఒడ్డుకి వెళ్లారు. అక్కడి సముద్రం ఆటు సమయంలో చాలా దూరం వెనక్కి పోతుంది. ఎటు చూసినా తడి ఇసుక, పైన కొంగల బారులు. బంగార్రాజు తలకి టోపీ, మెడలో కొత్త బైనాక్యులర్సు, కాళ్లకి ప్లాంటు బూట్లు. ఒడ్డుకి కాస్త అవతల నీళ్లు లేని పల్లం దాటగానే, మొయ్యలేక అసిరమ్మ జంతికల సంచీని ఒక ఇసుక దిబ్బ మీద పెట్టేసింది.

దూరంగా ఇసుక మీద ఎర్ర దుప్పటి పరిచినట్టు పీతలు కనిపించాయి.  బంగార్రాజు గబగబా అటు నడిచాడు. దగ్గరికి వెళ్లేసరికి దుప్పటి లేదు, కన్నాలు మాత్రం ఉన్నాయి. వెనక్కి తిరిగి భార్యని ఉరిమి చూశాడు. నోరు గట్టిగా మూసుకునే ఉన్నానని ఆవిడ వేలితో పెదాలు తాకి చూపించింది. ఇంకాస్త అవతల ఇంకో ఎర్ర దుప్పటి. అదీ అంతే. అలా వాళ్లు సముద్రం వైపు పోతూనే ఉన్నారు.

ఆ సమయానికి ధన్‌బాద్ నుంచి బస్సులో వచ్చిన రిటైరైన వాళ్ల బృందం ఒకటి ఒడ్డున దిగింది. వాళ్లకి పెద్ద సత్యప్రసాద్. టోపీ, బైనాక్యులర్సు, గాల్లో తిరుగుతున్న చేతులు చూసి, "సర్కారీ గైడ్!" అని ఆయన తేల్చేశాడు. బృందమంతా బంగార్రాజు వెనక చేరింది.

అంతమంది అడుగులు చూసి బంగార్రాజు కంగారుపడ్డాడు. ఆగమని పిడికిలి ఎత్తాడు. అది ఉత్సాహపరచడం అనుకుని వాళ్లూ పిడికిళ్లు ఎత్తి, ఇంకా వేగంగా నడిచారు. ఇంతలో అసిరమ్మ చీర అంచు బురదలో జీరాడుతోందని గమనించి, ఎత్తుకోమని వేలు పైకి తిప్పాడు. గుండ్రంగా చుట్టుముట్టమంటున్నాడని సత్యప్రసాద్ అందరికీ వివరించాడు. ముసలివాళ్లు చేతులు చాచుకుని, ఇంకా లోపలికి వెళ్లి, పెద్ద వలయం కట్టారు. మధ్యలో బంగార్రాజు ఒక్కడే నిలబడ్డాడు. ఒక్క పీత లేదు.

ఆకలేసి అసిరమ్మ సంచీ కోసం వెనక్కి చూసింది. దిబ్బ చుట్టూ నీళ్లు. తడవకుండా దాటి వచ్చిన పల్లం ఇప్పుడు ఎండకి మెరుస్తోంది. పోటు మొదలైంది. మొగుడి దగ్గరికెళ్లి చొక్కా పట్టి లాగింది. అతను బైనాక్యులర్సు కళ్ల మీంచి తియ్యకుండానే పిడికిలి చూపించాడు.

అసిరమ్మ నోరు తెరిచింది.

"ఓ బాబులూ! సముద్రం ఎనక నుంచి వచ్చేత్తంది! పానీ ఆ రహా హై! ఎవరూ పరిగెట్టకండి! హాత్ పకడో, ఒకరి సెయ్యొకరు పట్టుకోండి!"

గాలికి ఎదురు వెళ్లి ఆ కేక వలయంలో ఆఖరి మనిషికి కూడా చేరింది. బంగార్రాజు తిరిగి చూశాడు. చేతులు ఎత్తాడు గాని ఏ సైగ చెయ్యాలో తోచలేదు. అసిరమ్మ చీర పైకి దోపి, సత్యప్రసాద్ మణికట్టు పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో దిగింది. వెనక ప్రసన్నతో సహా అందరూ గొలుసులా కదిలారు. నడుమ ఒకావిడ భయంతో నీళ్లలోనే కూలబడి ఏడుపు మొదలెట్టింది.

"లెగు తల్లీ, ఘర్ జాకే రోయేంగే. ఇంటికెళ్లి తీరిగ్గా ఏడుద్దాం" అని అసిరమ్మ ఆవిడని చంకలో చెయ్యి వేసి లేపింది. అందర్నీ ఒడ్డుకి చేర్చి, మళ్లీ దిగివచ్చి, అందరికన్నా వెనకపడి నడుం లోతులో తడబడుతున్న మొగుడికి చెయ్యి అందించింది. ప్లాంటులో బంగార్రాజు కదిలించినవన్నీ ఇనుప సామాన్లు. ఇన్ని ప్రాణాల్ని ఈవిడ ఒక్క కేకతో కదిలించింది. పెళ్లయిన ఇన్నాళ్లకి ఆ గొంతు బంగార్రాజుకి మంగళవాద్యంలా వినిపించింది.

సరుగుడు చెట్ల ముందు ఇసుకలో అందరూ చతికిలబడ్డారు. అసిరమ్మ మాత్రం ఆగలేదు. "పీతలంట, సైగలంట! నా జంతికలన్నీ సముద్రం తినేసింది!"

"అమ్మా, బోల్తీ రహో. పర్ హిల్నా మత్. తిట్టుకో గాని కదలకు" అంది ప్రసన్న, కదలకుండా.

చుట్టూ కన్నాల్లోంచి పీతలు వస్తున్నాయి. ఒకటి, పది, వందలు. దీపాల్లాంటి ఎర్రటి వీపులు, నిటారుగా నిలబెట్టిన కళ్లు. అసిరమ్మ తిట్లు పైస్థాయిలోనే సాగుతున్నాయి, వాటికి పట్టలేదు. ఇంకా దగ్గరగా చూద్దామని బంగార్రాజు లేచి బూటు కాలితో ఒక్క అడుగు వేశాడు. అంతా మాయం.

"కూకోండి!" అంది అసిరమ్మ. "ఆటికి నా నోటితో పేచీ లేదు. మీ కాళ్లతోనే."

కూర్చున్నాడు. పీతలు మళ్లీ వచ్చాయి. ఒకటి అతని బూటెక్కి, చుట్టూ చూసి దిగిపోయింది. అందరూ చిన్నపిల్లల్లా చూశారు. సత్యప్రసాద్ అసిరమ్మకి నమస్కారం పెట్టాడు. "దీదీ, మాట రాని గైడు ఇంత కష్టపడుతున్నాడే అని అనుకున్నాం. ఇప్పుడర్థమైంది, అసలు గైడు మీరు."

జంషెడ్‌పూర్ తిరిగొచ్చాక ఈ కథ ప్లాంటులో అందరికీ చెప్పింది బంగార్రాజే. చేతులు జేబుల్లో పెట్టుకుని, నోటితోనే, భార్య కేక దగ్గరికొచ్చినప్పుడల్లా గొంతు పెంచి మరీ చెప్పాడు. నెల తిరక్కుండా కాలనీ తెలుగువాళ్లు బస్సు మాట్లాడుకుని, అసిరమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి పీతల్ని చూడటానికి బయల్దేరారు.

అడుగుల అదురు పీతలకి తెలియకుండా అందరూ విప్పిన చెప్పులకి, సరుగుడు చెట్ల కింద కాపలా బంగార్రాజు.