డబ్బా కంపెనీది, గోడ మనది

సొంత రౌటర్ కొనుక్కోవడం తప్పని నేను అనను. మహాపాపం అంటాను!

ఫైబర్ కంపెనీవాళ్లు ఎంతో ప్రేమగా మన ఇంటికొచ్చి, మన గోడకు వాళ్ల డబ్బా బిగించి, మన కరెంటుతో దాన్ని వెలిగించి, దాని సెట్టింగుల పాస్‌వర్డ్ మాత్రం మనకు చెప్పకుండా వెళ్లిపోతారు. ఎందుకు? మన మీద నమ్మకం లేకనా? ఛ! మనకు శ్రమ ఎందుకని! అంతటి దయామయుల డబ్బా ఉండగా ఇంకో రౌటర్ తెచ్చి పెట్టుకోవడమంటే, పెళ్లి భోజనానికి వెళ్లి పంక్తిలో సొంత క్యారియర్ విప్పుకోవడమే. కాస్తయినా మర్యాద ఉండొద్దా?

నా మాట నమ్మనివాళ్లు కేజీఎఫ్ వెళ్లి అచ్యుతగారిని చూసి రండి.

అచ్యుతగారు బంగారు గనుల్లో ల్యాంపు రూమ్ గుమాస్తాగా పనిచేసినవారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఒకటి ఇచ్చి, అతని ఇత్తడి టోకెన్ తీసుకుని కొక్కేనికి వేయడం, అతను పైకొచ్చాక దీపం పుచ్చుకుని టోకెన్ తిరిగివ్వడం ఆయన ఉద్యోగం. దీపం కంపెనీది, దాని కింద తలకాయ మాత్రం మనిషిది. కొక్కెం మీద టోకెన్ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అందుకే ఈ విషయంలో ఆయన ఎవరి పరాచికాలూ సాగనివ్వలేదు.

కాపురం కూడా కంపెనీ క్వార్టర్స్‌లోనే. దొరల కాలం నాటి రాతి గోడలు. ఆ గోడకు ఒక మేకు కొట్టాలన్నా ఆఫీసు అనుమతి కావాలి. కొత్తగా కాపురానికొచ్చిన రాజలక్ష్మిగారు ముచ్చటపడి ఒక క్యాలెండర్ తగిలించమంటే, అచ్యుతగారు పద్ధతి ప్రకారం అర్జీ పెట్టుకున్నారు. అనుమతి వచ్చేసరికి ఏడాది గడిచిపోయి, ఆ క్యాలెండర్ పప్పుల డబ్బాల కింద పరచడానికి పనికొచ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మేకు మాట ఎవరూ ఎత్తలేదు. ఏటా వచ్చే కొత్త క్యాలెండర్ కిటికీ చువ్వకు దారంతో వేలాడుతూ వచ్చింది.

తర్వాత గనులు మూతపడ్డాయి. ఆఖరి షిఫ్టు నాడు దీపాలన్నీ తిరిగొచ్చాయి, టోకెన్లన్నీ వెళ్లిపోయాయి. మర్నాడు దీపం అడగడానికి ఎవరూ రాలేదు. ఇల్లు ఆయన పేరు మీదికి వచ్చింది గానీ, అనుమతి అడగడానికి ఒక కంపెనీ అంటూ లేని ఇంట్లో ఆయనకు తోచేది కాదు.

అలాంటి మనిషి బతుకులోకి ఇన్నేళ్లకు మళ్లీ ఒక కంపెనీ నడిచొచ్చింది!

డబ్బా బిగించడానికి బైరకూరు నుంచి బైకు మీద వచ్చిన మునిశంకర్ ముందు గోడను చూశాడు, తర్వాత తన చేతిలో ఉన్న డ్రిల్లును చూసుకున్నాడు.

"లోపలి రూముకు రాదు సార్. ఈ రాయికి నా బిట్లన్నీ ఇరిగిపోతాయి. ఇంగ వరండాలోనే పెట్టేస్తాను" అన్నాడు.

భూమిని మూడు కిలోమీటర్ల లోతుకు తొలిచిన ఊళ్లో ఒక గోడకు కన్నం పడలేదు! సరే, వరండాలో రాళ్ల మధ్య గార మెత్తగా ఉన్నచోటు చూసి డబ్బా బిగించాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు.

"ఇది కంపెనీ ప్రాపర్టీ సార్. మూత ఇప్పొద్దండి, సెట్టింగులు మార్చొద్దండి. ఏమన్నా అయితే మీదే బాధ్యత."

అచ్యుతగారి ఒళ్లు పులకరించింది. ఎన్నాళ్లయింది ఈ భాష విని!

ఆ రోజు నుంచి ఆయన దినచర్యే మారిపోయింది. పొద్దున్నే పొడిగుడ్డతో డబ్బా తుడిచేవారు. ఆకుపచ్చ దీపం వెలుగుతోందో లేదో చూసి, "అంతా సరిగా ఉండాది" అని ఇంట్లోకి కేకేసేవారు. రాజలక్ష్మిగారు దానికి ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ కవరు కుట్టారు. ఆయుధ పూజ నాడు పసుపు, కుంకుమ, బంతిపూల దండ! చెప్పండి, మనం సొంత డబ్బుతో కొన్న ఏ వస్తువుకైనా ఇంత గౌరవం జరుగుతుందా? మిక్సీకి జరిగిందా? నెలనెలా డబ్బు కడుతూ కూడా మనది కాకుండా ఉండే వస్తువు మీద కలిగే భక్తే వేరు.

ఇక ఆ డబ్బా వల్ల లోకానికి జరిగిన మేలు వినండి. వరండాలో సిగ్నల్ వరదలా ఉండేది. హాల్లో సన్నగా పారేది. వెనక గదికొచ్చేసరికి ఎండిపోయేది. ఎదురింటి హనుమప్పగారి జామచెట్టుకు మాత్రం నాలుగు గీతలూ నిండుగా ఉండేవి. ఆ చెట్టుకున్న స్పీడు బెంగళూరులో చాలా ఆఫీసులకు లేదు. హనుమప్పగారు దాని కింద మంచం వేసుకుని లోకంలో ఉన్న వీడియోలన్నీ చూసి జ్ఞాని అయ్యారు. పరోపకారం అంటే ఇది కాదా?

వెనక గదిలో పనిచేయాల్సింది అచ్యుతగారి కూతురు మధుర. బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. రెండేళ్లపాటు తెల్లారకముందే రైలెక్కి, వెళ్లేటప్పుడూ నిలబడి, వచ్చేటప్పుడూ నిలబడి, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని నిద్రపోయిన పిల్ల. ఎంతో బతిమాలుకుంటే, మీటింగులు తెగకుండా జరిగినంత కాలం ఇంటి నుంచే పనిచేయమని మేనేజర్ ఒప్పుకున్నాడు. వెనక గదిలో మీటింగు తెగుతుంది కాబట్టి ఆ పిల్ల ల్యాప్‌టాప్ పట్టుకుని వరండాలోకి వచ్చి చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చునేది. స్వచ్ఛమైన గాలి, ఉచితంగా ఎండ! హనుమప్పగారి ఆవు ప్రతి మీటింగుకూ హాజరయ్యేది. ఒకనాడు అమెరికా క్లయింటు ఆ గొంతు విని, ఆ సహోద్యోగి అభిప్రాయం కూడా రాసుకోమన్నాడు.

ఇంత సుఖం పెట్టుకుని మధుర ఏం చేసిందో తెలుసా? సొంత రౌటర్ కొనుక్కొచ్చింది!

కంపెనీ డబ్బా నుంచి వెంటిలేటర్ గుండా ఒక వైరు లాగి, వెనక గదిలో సొంత రౌటర్ పెట్టుకుంటే ఇంటినిండా సిగ్నల్ వస్తుందని ఆ పిల్ల ఆలోచన. వైరు లాగింది. రౌటర్ పెట్టింది. ఏమీ రాలేదు. పక్క రౌటర్‌కు దారి ఇవ్వాలంటే కంపెనీ డబ్బాలో ఒక సెట్టింగు మార్చాలట. ఆ సెట్టింగుకు తాళం ఉంది, ఆ తాళం కంపెనీ దగ్గరుంది.

అప్పుడు మొదలైంది కస్టమర్ కేర్ అనే విశ్వవిద్యాలయంలో మధుర చదువు. కన్నడకు ఒకటి నొక్కింది, తెలుగుకు మూడు నొక్కింది, ఏది నొక్కినా అదే సంగీతం. వినగా వినగా ఆ పాట రాజలక్ష్మిగారు వంటింట్లో పాడుకునేంత వచ్చేసింది. ఎప్పుడైనా మనిషి దొరికితే, "డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే ఉపదేశం దొరికేది. ఒకాయన ఆ సెట్టింగు అసలు లేనేలేదన్నాడు. ఒకావిడ ఉంది గానీ మార్చడం సాధ్యం కాదంది. ఫోన్ పెట్టేయగానే మెసేజ్ వచ్చేది: మీ సమస్య పరిష్కరించబడింది, మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? సమస్య ఉన్నది ఉన్నట్టే ఉంచి దాన్ని పరిష్కరించడం ఎంతటి విద్యో ఆలోచించండి.

అచ్యుతగారు మాత్రం చలించలేదు. "కంపెనీ వద్దన్నె గదమ్మా. వాళ్ల వస్తువు, వాళ్ల రూలు" అనేవారు.

శుక్రవారం సాయంత్రం మీటింగు మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక డబ్బా తేరుకునేసరికి అవతల అందరూ వెళ్లిపోయారు. మేనేజర్ ఫోన్ చేశాడు. సోమవారం పెద్ద మీటింగు, అది కూడా వరండాలో ఆవుతో, అంతరాయాలతో సాగితే, మంగళవారం నుంచి రోజూ ఆఫీసుకే రమ్మన్నాడు.

మధుర మెట్టు మీదే కూర్చుండిపోయింది.

"అప్పా, నేను మళ్లా చీకట్నే లేసి ఆ ట్రైన్లో నిలబడి పోవాల్నా?" అంది. అరిచి అంటే ఆయన ఏదో సమాధానం చెప్పేవారే. మెల్లగా అంది.

అచ్యుతగారికి ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లారకముందు వెళ్లి చీకటిపడ్డాక వచ్చే మనుషుల్ని ఆయన జీవితమంతా ల్యాంపు రూమ్ కిటికీలోంచి చూశారు. కూతుర్ని కూడా అలా చూడాలంటే ఆయన వల్ల కాలేదు. కానీ కంపెనీ మాట కాదని డబ్బా మీద చెయ్యి వేయడం కూడా ఆయన వల్ల కాదు. మరేం చేయాలి?

శనివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. డబ్బాను గోడ నుంచి ఊడదీసి, ఎంబ్రాయిడరీ కవరుతో సహా టవల్లో చుట్టుకుని, రాబర్ట్‌సన్‌పేటలో ఉన్న కంపెనీ ఆఫీసుకు వెళ్లి కౌంటర్ మీద పెట్టారు.

కౌంటర్లో ఉన్న నేత్రావతి కవరు మీది చిలకల్ని ఆశ్చర్యంగా చూసింది. "కనెక్షన్ వద్దా సార్?"

"కనెక్షన్ కావల్ల. ఇది మీ కంపెనీ సొత్తు గదమ్మా, తెచ్చి అప్పజెప్తా ఉండాను. టోకెన్ ఇవ్వు."

"అట్ల తీసుకునేదానికి రూల్ లేదు సార్. కనెక్షన్ ఉండేదాకా డబ్బా మీ ఇంట్లోనే ఉండాల. మీదే బాధ్యత."

"పగిలిపోతే?"

"మీరే కట్టుకోవాల సార్."

"పిడుగు పడి కాలిపోతే?"

"అదీ మీదే సార్."

"దొంగోడు ఎత్తుకోని పోతే?"

"మీదే సార్."

"పాస్‌వర్డ్?"

"అది కంపెనీది సార్."

అచ్యుతగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, నేను ల్యాంపు రూములో పని చేసినోణ్ణి. మా కాడ ల్యాంపు కంపెనీదంటే కంపెనీదే. ఎలిగినా వాళ్లదే, ఆరినా వాళ్లదే. చెడిపోతే నాది, బాగుంటే మీది అయ్యే వస్తువును నేను యాడా చూడలా. ఇది మీదైతే తీసుకోని టోకెన్ ఇవ్వు. నాదైతే తాళం ఇవ్వు."

"స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి సార్" అంది నేత్రావతి, కొంచెం సర్దుకుపొమ్మనే మాట కన్నడలో అయితే కాస్త మెత్తగా ఉంటుందని.

"ఇన్నేండ్లూ అదే చేసినానమ్మా" అన్నారాయన. అని కదలకుండా నిలబడ్డారు.

వెనక వరసలో సుగటూరు నుంచి వచ్చిన చిక్కవెంకటప్ప అనే రైతు తల ముందుకు పెట్టాడు. "ఓహో, తిరిగి తీసుకుంటారా? మా డబ్బా కూడా తెచ్చేస్తాను తల్లీ. నాకూ ఒక టోకెను!" అన్నాడు. వాళ్ల ఊళ్లో ఇంకా ఎందరున్నారో గట్టిగా లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

జిల్లాలో ఉన్న డబ్బాలన్నీ తన కౌంటర్ మీద పేరుకోవడం నేత్రావతి కళ్లకు కట్టింది. పై ఆఫీసుకు ఫోన్ చేసింది. డబ్బాను తన కంప్యూటర్‌కు తగిలించింది. అసలు లేనేలేని, ఉన్నా మార్చడం సాధ్యం కాని ఆ సెట్టింగు, పక్క హోటల్ నుంచి వచ్చిన కాఫీ చల్లారేలోపు మారిపోయింది!

సోమవారం మధుర వెనక గదిలో తలుపేసుకుని కూర్చుంది. మీటింగు ఎక్కడా తెగలేదు. చివర్లో క్లయింటు ఆవు ఏదని అడిగాడట. మధుర గది బయటికొచ్చి, "అప్పా, రేపు ట్రైన్ లేదు" అంది. ఆయన సరేనన్నట్టు తలూపి, పేపర్ అడ్డం పెట్టుకున్నారు. పేపర్ తలకిందులుగా ఉందని రాజలక్ష్మిగారు చెప్పారు గానీ, నేను నమ్మను.

కథ ఇక్కడితో ఆగితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. వెంటిలేటర్ నుంచి జారిన వైరు వచ్చేపోయేవాళ్ల తలకు తగులుతోంది. రాజలక్ష్మిగారు సుత్తి, మేకులు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆయన గోడను తడిమి, రాళ్ల మధ్య గార చూసుకుని, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగారు.

"ఎవుర్ని అడగల్ల?"

"అడిగేదానికి ఇంగ ఎవురుండారు? కొట్టండి" అన్నారామె.

కొట్టారు! మొదటిది భయంగా, రెండోది ధైర్యంగా. వైరు కుదురుకుంది. పని అయిపోయింది గదా అని సుత్తి కింద పెట్టాలా వద్దా? పెట్టలేదు. కిటికీ దగ్గరికి నడిచి, దారం విప్పి క్యాలెండర్ తీసి, హాల్లో నట్టనడిమి గోడకు ఇంకో మేకు దిగ్గొట్టారు. రాజలక్ష్మిగారు పెళ్లయిన ఇన్నేళ్లకు తన క్యాలెండర్‌ను తన గోడకు తగిలించుకుని, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

చూశారా, ఒక్క రౌటర్ ఎంత పని చేసిందో! ఇవాళ రౌటర్ అంటారు, రేపు మేకు అంటారు. ఎల్లుండి డబ్బు కట్టే ప్రతి మనిషీ తన ఇంటికి తానే యజమానినని అనుకోవడం మొదలుపెడితే, పాపం, కంపెనీల గతేం కాను?