తెరుచుకోని రొయ్యలు

ఈ పంట ఎలాగైనా అప్పారావు మొహం చూడకుండా అమ్మాలని దుర్గాసాయి ఆ పొద్దున పళ్ళు తోముకుంటూ నిశ్చయించుకున్నాడు. అప్పారావు కమీషన్ ఏజెంటు. భీమవరం పక్కన ఆ చెరువుల్లో రొయ్య గట్టెక్కాలంటే ఆయన చేతి మీదుగానే ఎక్కాలి. ఎంత నిగనిగలాడే రొయ్య చూపించినా, పెళ్ళి పంక్తిలో పాచిపోయిన పప్పు వడ్డించినట్టు మొహం పెట్టి, "సైజు రాలేదబ్బాయ్" అనేవాడు. ఆ మొహం పెట్టినప్పుడల్లా ధర ఒక మెట్టు దిగేది. రెండు పంటలు వరసగా తెగులుకి పోగొట్టుకున్న దుర్గాసాయికి ఈసారి దిగడానికి మెట్లు మిగల్లేదు.

"వైజాగ్ కంపెనీకి నేరుగా ఇచ్చేస్తున్నానే," అన్నాడు భార్య వీరదుర్గతో. "అక్కడ రాజరత్నం గారని, కొనుగోళ్ళు చూస్తారు. కంప్యూటర్లో ఫొటోలు పంపితే సైజు చూసి వ్యాను పంపుతారంట. ఎవరితోనూ అనకు. అప్పారావుకి తెలిస్తే మనకి ఐసు కూడా పుట్టనివ్వడు."

"నేనెవరితో అంటానండి? మీరు అనకుండా ఉంటే అంతే చాలు," అంది వీరదుర్గ.

బస్టాండు దగ్గర నెట్ సెంటర్ శాంతికుమార్‌ది. ఇంజనీరింగు చదివాడు. ఆ చదువు ఎవరికీ అక్కర్లేకపోయేసరికి, పరీక్షల రిజల్ట్సు తీసివ్వడం, పాస్‌పోర్టు ఫొటోలు తియ్యడం పెట్టుకున్నాడు. ఊళ్ళో డిజిటల్ కెమెరా ఉన్నది అతనికొక్కడికే. అతన్ని స్కూటరు మీద చెరువుకి తీసుకొచ్చి, దుర్గాసాయి నాలుగు రొయ్యల్ని అరిటాకులో పడుకోబెట్టి, సైజు తెలియడానికి పక్కన స్కేలు పెట్టాడు. శాంతికుమార్ మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీశాడు.

పక్క చెరువు గట్టు మీద మేత చల్లుతున్న బుల్లియ్య చెయ్యి ఆగిపోయింది.

"ఏంటిరా అబ్బాయ్, రొయ్యలకి ఫొటోలు?"

"ఏం లేదు బాబాయ్. ఊరికే."

ఊరికే ఫొటో తీయించుకున్నవాణ్ణి బుల్లియ్య తన జన్మలో చూడలేదు. కిందటేడు ఆయన గేదె చచ్చిపోతే ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చి, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, అప్పుడు గానీ డబ్బులివ్వలేదు. పాపం, ఆ గేదె బతికున్నన్నాళ్ళూ దానికి ఒక్క ఫొటో లేదు. నోరులేని జీవాన్ని నేల మీద పడుకోబెట్టి ఫొటో తీశారంటే అర్థం ఒక్కటే. బుల్లియ్య మేత బుట్ట కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు.

నెట్ సెంటర్లో రొయ్యలు తెర నిండా పరుచుకున్నాయి. మీసాలు లెక్కపెట్టొచ్చు. దుర్గాసాయి మురిసిపోయాడు గానీ, ఫొటో కింద ఉన్న అంకె చూసి ఉలిక్కిపడ్డాడు.

"పదమూడేంటయ్యా?"

"కెమెరా పెట్టుకున్న పేరండి అది."

"కెమెరాకేం తెలుసు మంచీ చెడ్డా? మార్చెయ్."

పంటలు పోయాక అతను తణుకులో ఒక సంఖ్యాశాస్త్రం ఆయన్ని పట్టుకున్నాడు. ఆయన కూడి, తీసేసి, ఇతనికి అయిదు కలిసొస్తుందని తేల్చాడు. అప్పటి నుంచి స్కూటరు నంబరు, ఫోను నంబరు, మోటారు షెడ్డు తలుపు మీద రాసిన పేరు ఏది కూడినా అయిదే రావాలి. దుర్గాసాయి వేళ్ళ మీద లెక్కేసి ఫొటోలకి ఇంగ్లీషులో ఒక పేరు చెప్పాడు. శాంతికుమార్ కొట్టాడు.

"ఇదిగో, సరిగ్గా అయిదు. మరి చివర ఈ చుక్కేంటి? చుక్క తరవాత ఈ మూడక్షరాలేంటి?"

"అవి ఉంటాయండి."

"ఉంటే మొత్తం ఎనిమిదొస్తుంది. ఎనిమిది శనిదయ్యా! పైగా పేరు మధ్యలో చుక్క పెడితే పని అక్కడే ఆగిపోద్ది. తీసెయ్."

శాంతికుమార్ తీసేశాడు. కంప్యూటరు ఇంగ్లీషులో ఏదో హెచ్చరించబోయింది. అతను అది చదవకుండానే ఔనని నొక్కేశాడు. దేశంలో సగం సంతకాలు అలాగే పడతాయి. ఫొటోలు వైజాగ్ వెళ్ళిపోయాయి.

సాయంత్రం రాజరత్నం ఫోను చేశాడు. "రావడమైతే వచ్చాయండి. ఒక్కటీ తెరుచుకోవడం లేదు."

దుర్గాసాయి నెట్ సెంటర్‌కి పరిగెత్తాడు. అక్కడా తెరుచుకోలేదు. ఎన్నిసార్లు నొక్కినా, దీన్ని దేనితో తెరవమంటారని కంప్యూటరు ఎదురు ప్రశ్న వేసింది. శాంతికుమార్ చాలాసేపు గడ్డం గోక్కుని, "చెరువు గాలికి కెమెరాలో చెమ్మ చేరుంటదండి," అని తేల్చాడు. కెమెరాలో ఉన్నవి అప్పటికే చెరిపేశాడు కాబట్టి మళ్ళీ తియ్యాల్సిందే.

మర్నాడు కెమెరాకి చెమ్మ తగలకుండా దుర్గాసాయి పైన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. పేరు మాత్రం మళ్ళీ అయిదుకే కుదిర్చాడు. అవీ తెరుచుకోలేదు. ఆ మర్నాడు మళ్ళీ గొడుగు, మళ్ళీ అరిటాకు, మళ్ళీ అదే పేరు. కంప్యూటర్లో పేరు మార్చడం వల్ల కూడా పని చెడుతుందని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. మంచి పేరు చెడు చేస్తుందని ఎవరనుకుంటారు?

ఆ మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర శాంతికుమార్ వచ్చి చెవిలో ఏదో చెప్పాడు.

"మొత్తం పోయాయా?" అన్నాడు దుర్గాసాయి గట్టిగా.

"ఒక్కటీ మిగల్లేదండి."

"పొద్దున నిక్షేపంలా ఉన్నాయి కదయ్యా!"

వెనక బల్ల మీద కూర్చున్న బుల్లియ్య టీ సగంలో వదిలేసి లేచాడు.

తెల్లమచ్చ తెగులు ఒక చెరువులో దిగిందంటే, పక్క చెరువుకి కాకులే మోసుకుపోతాయి. అందుకని పక్కవాడిది పోయిందని తెలిస్తే, తనది పోకముందే వలేసి పట్టేసుకోవడం ఆ గట్ల మీద ఆనవాయితీ. బుల్లియ్య తన చెరువులో వల దించాడు. బుల్లియ్యని చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఆ పక్కవాడు. తెల్లారేసరికి ఆ వరసలో దుర్గాసాయి చెరువు తప్ప అన్నీ ఖాళీ. ఐసు ఫ్యాక్టరీల్లో ముక్క లేదు. అప్పారావు మొహం పెట్టే శ్రమ కూడా పడకుండా ధర సగానికి దించేశాడు.

ఇవేమీ దుర్గాసాయికి పట్టలేదు. కెమెరా బాగు చేసేవాడి కోసం ఏలూరు వెళ్ళి, వాడు దొరక్క, ఉసూరుమంటూ ఇల్లు చేరాడు. బుల్లియ్య కొబ్బరిబొండాలు పట్టుకుని పరామర్శకి వచ్చాడు.

"ధైర్యంగా ఉండరా అబ్బాయ్. పోయినవాటి కోసం ఏడిస్తే తిరిగొస్తాయా?"

దుర్గాసాయికి కళ్ళు చెమర్చాయి. "నీకెలా తెలిసింది బాబాయ్?"

"ఊరందరికీ తెలుసు. ఇలాంటివి దాగుతాయా?"

"నలుగురూ నవ్వుతారని చెప్పలేదు. మూడుసార్లు తీశాను. మూడుసార్లూ పోయాయి. రేపు మళ్ళీ తీద్దామనుకుంటున్నాను."

"ఇంకేం మిగిలాయిరా తియ్యడానికి?"

"అదేంటి బాబాయ్, చెరువు నిండా ఉంటేను!"

బుల్లియ్య బొండాలు అక్కడే పడేసి గట్టు మీదికి పరిగెత్తాడు. విసురు వల తీసి దుర్గాసాయి చెరువులో తనే విసిరాడు. లాగేసరికి రొయ్యలు చిటపటమని ఎగిరి, రెండు ఆయన పంచెలో పడ్డాయి. ఆయన వాటి వంకా, దుర్గాసాయి వంకా మార్చి మార్చి చూశాడు.

"మరి బతికున్నవాటికి ఫొటోలెందుకు తీశావురా, దరిద్రుడా!"

ఆ కేక అవతలి రేవు దాకా వినబడింది. అప్పుడు గానీ దుర్గాసాయికి ఖాళీ చెరువులు కంటబడలేదు. వెంటనే రాజరత్నానికి ఫోను చేశాడు. వాళ్ళాఫీసులో కంప్యూటరు చూసే హైమ ఎత్తింది.

"మీ ఫొటోల పేర్లకి చివర మూడక్షరాలు ఎవరో కోసేశారండి. నేను తగిలించాను, తెరుచుకున్నాయి. రొయ్యలు ముద్దొస్తున్నాయండి!"

"మరి వ్యానెప్పుడమ్మా?"

రాజరత్నం ఫోను అందుకున్నాడు. "మీ ఊరి నుంచే లారీలు లారీలు వచ్చి పడుతున్నాయండి. ఇప్పుడు పెట్టుకోవడానికి మా దగ్గర చోటు లేదు. మళ్ళీ చెబుతాను."

దుర్గాసాయి గట్టు మీద కూలబడ్డాడు. ఊరంతా అమ్ముకుంది, అతని రొయ్య నీళ్ళలోనే ఉండిపోయింది.

"ఉండనివ్వండి," అంది వీరదుర్గ. "నీళ్ళలో ఉంటే పెరుగుతాయి గానీ తరుగుతాయా?"

ఇంకేం చెయ్యాలో తెలియక అతను మేత వేస్తూ కూర్చున్నాడు. చుట్టుపక్కల చెరువులన్నీ ఎండిపోయి ఉండడంతో తెగులు తెచ్చేందుకు కాకులకి చోటే లేకపోయింది. పిల్ల రొయ్యలు అమ్ముడయిపోయాక పెద్ద రొయ్య కోసం కంపెనీలు కాలు కాలిన పిల్లుల్లా తిరిగాయి. ఒక ఉదయం రాజరత్నం స్వయంగా వ్యాను ముందు సీట్లో కూర్చుని దిగాడు. ఆయన వెనకే లారీలో ఐసు వేసుకుని అప్పారావు దిగాడు. ఇద్దరూ గట్టు మీద ఒకరి మీద ఒకరు వేలంపాట పాడుకుంటుంటే, వీరదుర్గ టీలు ఇస్తూ ధర ఎంత దాకా వెళ్తుందో నింపాదిగా చూసింది. చివరికి రాజరత్నానికే ఖాయమైంది.

అప్పారావు వెళ్తూ వెళ్తూ దుర్గాసాయి భుజం తట్టాడు. "మహా గట్టివాడివయ్యా! చెరువు పోయినట్టు ఏడుపు మొహంతో తిరిగి, అందరి చేతా పట్టించేసి, నువ్వు మాత్రం ఆగావు. ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావు ఈ ఎత్తు?"

"ఆయ్, ఎత్తేం లేదండి. కంప్యూటర్లో ఫొటోలు తెరుచుకోలేదు, అంతే."

"చూశావా, ఇప్పుడు కూడా చెప్పడు!" అన్నాడు బుల్లియ్య. ఆయన గొంతులో కోపం తగ్గి, గౌరవం లాంటిది మొదలైంది. "ఈసారి మాకు కూడా ఒక ముక్క చెప్పి ఏడవరా."

అప్పటి నుంచి ఎవరు వల దించాలన్నా దుర్గాసాయిని సలహా అడుగుతున్నారు. అతనూ కాదనకుండా చెబుతున్నాడు. ఇప్పటిదాకా ఎవరూ దాన్ని పాటించలేదు కాబట్టి, పేరు నిలబడింది.