ఒక్కసారి తప్పిపోయి తొమ్మిదిసార్లు దొరికిన పాప

"పాప దొరికింది!"

ఈ కబురు వచ్చేసరికి మా ఆయనా నేనూ కొత్త కెటిల్లో మొట్టమొదటి టీ కాచుకుంటున్నాం. అప్పటికి మా పెళ్ళయి పంతొమ్మిది రోజులు. కింది వాటాలో టైలరక్క కూతురు, ఆరేళ్ళది, ఉదయం తొమ్మిదింటికి కనిపించకుండా పోయి పదిలోపే దొరికింది. ఆ ఘనత ఎవరిది? ఫోన్లది, వాటిని పట్టుకున్న ప్రజలది! ఫార్వర్డ్ మెసేజీలను విసుక్కునేవాళ్ళు మా ఇంటికి వస్తే టీ ఇచ్చి మరీ బుద్ధి చెబుతాను.

ఆ మెసేజీ రాసింది నేనే. డిగ్రీ చదివినందుకు ఆమాత్రం పనికిరావాలి కదా. "ఈరోజు ఉదయం మా పాప తప్పిపోయింది. పసుపు గౌను, రెండు జడలు. కనిపిస్తే వదలకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి." నంబరు టైలరక్కది, పైన పాప ఫోటో.

"నువ్వు రాస్తే రాళ్ళు కూడా కరుగుతాయోయ్" అన్నాడు మా ఆయన. ఆ మురిపెంలో మా పెళ్ళి గ్రూపులన్నిటికీ పంపేశాను. అత్తారి తరఫు, పుట్టింటి తరఫు, పెళ్ళి ఫోటోల గ్రూపు, రిటర్న్ గిఫ్టుల గ్రూపు. అక్కడి నుంచి ఊరంతా పాకింది.

ఇంతకీ పాప ఎక్కడ దొరికిందో చెప్పలేదు కదూ? పక్కవీధి జెరాక్స్ కొట్టులో. స్టూలెక్కి కూర్చుని, పాడైన కాగితాల వెనక బొమ్మలు వేసుకుంటోంది. క్యూలో ఏడుగురున్నారు. ఏడుగురూ తలవంచుకుని దాని ఫోటోనే ఫార్వర్డ్ చేస్తున్నారు. ఒకావిడ "అయ్యో, ఎంత ముద్దుగా ఉందో" అంటూ, సిగ్నల్ కోసం పాపను కాస్త పక్కకు జరగమందట!

"టైలరమ్మ కూతురివి కదూ, ఇక్కడేం చేస్తున్నావే?" అని అడిగింది కొట్టాయన ఒక్కడే. ఆయన ఫోన్ ఛార్జింగులో ఉంది. ఇలాంటి చిన్న చిన్న లోపాలు ఏ వ్యవస్థలోనైనా ఉంటాయి.

దొరికిందని కూడా అన్ని గ్రూపుల్లో రాశాను. మూడు బొటనవేళ్ళు వచ్చాయి. ఫార్వర్డ్ మాత్రం ఎవరూ చేయలేదు. దొరికిన పిల్లలో వార్తేముంది చెప్పండి?

ఇది జరిగి రెండు నెలలు. నేను తేదీ వేయలేదు కాబట్టి ఆ "ఈరోజు ఉదయం" రోజూ తెల్లవారుతూనే ఉంది. ఒక్కసారి తప్పిపోయిన పాప ఇప్పటికి తొమ్మిదిసార్లు దొరికింది. బస్టాపులో, పార్కులో, చెప్పుల కొట్టులో. జెరాక్స్ కొట్టు తర్వాత దొరికిన ప్రతిసారీ పక్కనున్న పిల్లలదొంగ మాత్రం ఒక్కతే. వాళ్ళమ్మ.

చెప్పుల కొట్టులో షట్టరు దించి గంటసేపు నిలబెట్టారు.

"నువ్వు తల్లివని రుజువేంటమ్మా?" అన్నాడట ఒక పెద్దాయన.

"దాని ఒంటిమీది గౌను నేను కుట్టిందే బాబాయ్. కుట్టు చూడండి."

ఆయన కుట్టు చూడలేదు, వీడియో తీశాడు. ఇంకొకాయన తెలివిగా మెసేజీలోని నంబరుకు ఫోన్ చేశాడు. అది టైలరక్క చేతిసంచిలో మోగింది.

"చూశారా, ఆ తల్లి ఫోను కూడా కొట్టేసింది" అన్నారట.

పిల్లలకు ఇంత కాపలా ఏ రాజ్యంలో ఉంది? ఇప్పుడు పాప బడికి తప్ప గడప దాటదు. ఇక తప్పిపోయే ప్రసక్తే లేదు.

నిన్న మా గ్రూపులో ఇంకో పాప ఫోటో వచ్చింది. ఎర్ర గౌను. "ఈరోజు ఉదయం" అని ఉంది, ఏ రోజో లేదు. "పాతదేలే, వదిలేయండి" అని మా ఆడపడుచు రాసింది. దానికీ మూడు బొటనవేళ్ళు వచ్చాయి. అందులో ఒకటి నాది.

సాయంత్రం టీవీలో అదే గౌను కనిపించింది. అది పాతది కాదు. పాప ఇంకా దొరకలేదు.

ఇందాక టైలరక్క పైకొచ్చింది. "రేపు దీని జడలు కత్తిరించేస్తానమ్మా. ఫోటోలో పిల్లలా లేకపోతే వదిలేస్తారేమో" అంది.

పాప రెండు జడలూ గుప్పిట్లో పట్టుకుని నా వంక చూసింది. "జడలు తీసేస్తే నేను దొరికినట్టేనా పిన్నీ?"

కత్తెర ఒక్కరోజు ఆపమన్నాను. రేపు మా ఆయనా నేనూ సెలవు పెట్టాం. తొమ్మిదింటికి జెరాక్స్ కొట్టు తెరవగానే ఎర్ర గౌను పాప ఫోటో వంద కాపీలు తీయిస్తాం, పైన పెద్దక్షరాలతో తేదీ వేసి. ఫోన్లు ఇంట్లోనే ఛార్జింగులో పెట్టి, తలలెత్తుకుని వీధి వీధీ తిరుగుతాం. టైలరక్కా, రెండు జడలతో పాపా మా వెంటే వస్తారు.

దారిలో కనిపిస్తే, దయచేసి దాన్ని పదోసారి కనిపెట్టకండి.