కొల్లేటి గట్టున ఒకటిన్నర టన్నుల ప్రకృతి

ప్రకృతిని ఆస్వాదించాలంటే ముందు జనరేటరు ఉండాలి! కాదనేవాళ్ళు చేపల చెరువు గట్టు మీద ఒక్క పూట ఉక్కపోతలో కూర్చుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ జ్ఞానం నాకు మా ఆఫీసరు భాస్కరరావుగారి వల్ల కలిగింది. పోయిన నెల ఆయన మా ఏలూరు ఆఫీసువాళ్ళందర్నీ కొల్లేటికోట దగ్గరికి క్యాంపింగుకి తీసుకెళ్ళారు. టెంటులో ఒకటిన్నర టన్ను ఏసీ, ఇండక్షన్ స్టవ్వు, గీజరు, ఇస్త్రీపెట్టె! తాడేపల్లిగూడెంలో అద్దెకు తీసుకున్న జనరేటరు వీటన్నిటినీ మోస్తూ ఊరంతా వినపడేలా రొప్పింది. ఇస్త్రీపెట్టె ఎందుకంటారా? గూడబాతుల ముందు నలిగిన చొక్కాతో నిలబడతామా?

ఆ గూడబాతులు మాత్రం మోత వినగానే లేచిపోయాయి. మర్యాద తెలియని పక్షులు! "పోతే పోనివ్వండి, ఫోనులో వీడియోలున్నాయిగా" అన్నారు ఆఫీసరుగారు.

మర్నాడు తెల్లవారేసరికి ఊళ్ళో కరెంటు పోయింది. మాకు పోలేదు. చూశారా మరి!

పక్క చెరువు కౌలుకి చేసే ఎలీషా, అతని భార్య సలోమి పరుగున వచ్చారు.

"అయ్యగారూ, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయండి. గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండి. ఒక్క గంట జనరేటరు ఇప్పించండి" అన్నాడు ఎలీషా.

"ఇప్పుడెలాగయ్యా, గీజరు వేశాను. స్నానం అయ్యాక చూద్దాం" అన్నారు ఆఫీసరుగారు.

"నీళ్ళు నేను కట్టెలపొయ్యి మీద కాచి ఇస్తానండి" అంది సలోమి.

ఎంత అమాయకురాలండీ! కట్టెల పొగ పర్యావరణానికి ఎంత చేటో ఆఫీసరుగారు ఓపిగ్గా వివరించారు. ఆమె చివరిదాకా వినలేదు. ఇద్దరూ పడవెక్కి, తెడ్లతో చెరువు నీళ్ళని బాదడం మొదలుపెట్టారు. మావాళ్ళు ఫొటోలు తీసుకున్నారు.

ఏడున్నరకి కరెంటు వచ్చింది. అప్పటికే సగం చెరువు మీద చచ్చిన చేపలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. సలోమి పడవలోనే కూలబడింది. ఎలీషా మాత్రం తెడ్డు ఆపలేదు.

ఎండెక్కాక గాలి మా వైపు తిరిగింది.

"ఛీ, ఏం వాసనండీ! ఏసీ పెంచండి, ఆ జిప్పు వేసెయ్యండి" అన్నారు ఆఫీసరుగారు.

నాకేం తెలియదనుకునేరు! మా నాన్న ఆకివీడులో చేపల పెట్టెలు మోసి నన్ను చదివించాడు. ఏరేటరు ఆగితే ఏమవుతుందో ఆ టెంటులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

జిప్పు వేసింది కూడా నేనే.