కంచరగాడిద మీద మహిమ

తమకు మహిమ ఉందని బిషప్ ఎవరార్డ్‌గారు ఈస్టర్ నాడు అధికారికంగా ప్రకటించారు. పదవితోపాటే దేవుడు దాన్నీ ప్రసాదిస్తాడనీ, ఇందులో పోప్‌గారి కార్యాలయానికి కూడా ఎలాంటి సందేహమూ లేదనీ వివరించారు. చర్చిలో ఉన్న పదిమందీ శ్రద్ధగా విన్నారు. మిగతా ఊరంతా చేపల మార్కెట్‌లో ఓడుల్ఫ్ ప్రసంగానికి పోయింది.

ఓడుల్ఫ్ చెప్పుల్లేని సన్యాసి. ఆయన ఎక్కి తిరిగే కంచరగాడిద వెంట్రుక ఒక్కటి కడితే పిల్లల జ్వరాలు దిగుతాయని ఆ ఫ్లాండర్స్ దేశపు తల్లుల నమ్మకం. దాంతో ఆ గాడిద తోక ఎప్పుడో బోడి అయింది. బిషప్‌గారి తెల్లగుర్రం తోక మాత్రం నేలకు జీరాడుతోంది. ఒక్క వెంట్రుకా పోలేదు. ఈ అవమానంతో ఆయనకు అన్నం సహించడం మానేసింది.

"పెంతెకోస్తు పండగ ఊరేగింపులో జనం నా మీద పడాలి లాంబ్రెక్ట్. పడలేదో, నువ్వు బురదనేలల్లో కుష్ఠురోగుల ఆశ్రమానికి వంటవాడివి," అన్నారు కార్యదర్శితో.

లాంబ్రెక్ట్‌కు వంట రాదు. భయపడటం బాగా వచ్చు. తిన్నగా ఓడుల్ఫ్ దగ్గరికి పోయి గాడిదను ఒక్కరోజుకు అరువడిగాడు.

"తీసుకుపో నాయనా. కుడివైపు నిలబడకు, కరుస్తుంది," అన్నాడు ఓడుల్ఫ్.

వినయానికి గుర్తుగా ఈసారి గాడిద నెక్కితే బాగుంటుందని లాంబ్రెక్ట్ మనవి చేస్తే బిషప్‌గారు మెచ్చుకున్నారు. చేపల వాసన పడక ఆయన మార్కెట్ వైపు ఎన్నడూ పోలేదు కాబట్టి దాన్ని గుర్తుపట్టలేదు. ఎవరిదని అడగనూ లేదు. అంతటివారు అలాంటివి అడగరు.

ఊరేగింపు దివ్యంగా జరిగింది. నేతగాళ్లూ, చేపలమ్మేవాళ్లూ, చంకల్లో పిల్లలతో తల్లులూ ఏడుస్తూ మీద పడ్డారు. బిషప్‌గారి కళ్లు చెమర్చాయి. ఇది నేర్పితే వచ్చేది కాదని లాంబ్రెక్ట్‌కు చెప్పారు. వంట తప్పినందుకు లాంబ్రెక్ట్ నిజంగానే ఏడ్చాడు.

ఆ ఊపులో బిషప్‌గారు ఎవరూ చెప్పని పని చేశారు. ప్రజలతో కలిసి నడుస్తానంటూ దిగిపోయారు. గాడిద ముందుకు సాగింది. జనం దాని వెంటే సాగారు. వీధిలో బిషప్‌గారూ, లాంబ్రెక్టూ మిగిలారు.

"వీళ్లంతా ఎటు పోయారయ్యా?"

"ఏలినవారి తేజస్సుకు తట్టుకోలేకపోయారండి."

అంతలో ఒకావిడ పరుగున వెనక్కి వచ్చి మోకాళ్ల మీద కూలబడింది. ఒళ్లో బిడ్డ జ్వరంతో కాలిపోతోంది. బిషప్‌గారు ముద్దు పెట్టుకొమ్మని గంభీరంగా ఉంగరం చెయ్యి చాచారు. లాంబ్రెక్ట్ ఊపిరి పీల్చుకున్నాడు.

ఆమె ఉంగరం వంక చూడలేదు.

"నా వంతొచ్చేసరికి దాని వీపు కూడా బోడి చేసేశారు అయ్యగారూ. కాస్త అటు తిరగండి. మీరు కూచున్నచోట అంగీకి రెండు వెంట్రుకలైనా అంటుకునుంటాయి."

బిడ్డ మూలిగింది. బిషప్‌గారు లాంబ్రెక్ట్ వంక చూశారు. లాంబ్రెక్ట్ చర్చి గోపురం వంక చూశాడు.

బిషప్‌గారు అటు తిరిగారు.