ధనియాల డబ్బాలో ఎనిమిది లక్షలు

తార్నాకలో రెండు గదుల పోర్షన్‌లో ఉండే భూపాల్‌ని క్యాంపస్‌లో అందరూ ‘రిస్కుల భూపాల్’ అంటారు. రోడ్డు దాటాలంటే భయం కాబట్టి కాదు, భయం ఉన్న మాట నిజమే అనుకోండి. ఏడేళ్లుగా అతని పీహెచ్‌డీ ఆ రిస్కుల మీదే. ఎదుగుతున్న దేశాలు సొంత కరెన్సీలో చేసే అప్పులు, వాటిలో డబ్బు పెట్టినవాడు మునగకుండా ఉండే ఉపాయాలు. నాలుగు వందల పేజీలు, అంతా చేతిరాతే, మంచం కింద ఉంది.

1997 జులై మొదట్లో ఆ ఉపాయాలు వాడి చూసే అవకాశం వచ్చింది. ఫారిన్ స్టూడెంట్ల హాస్టల్లో ఉండే ఇండోనేషియా విద్యార్థి అగుస్‌కి ఇంటి నుంచి డబ్బు రాలేదు. ఫీజుకు పదివేలు కావాలి.

భూపాల్ జేబులో పదివేలు ఎప్పుడూ లేవు. వంటింట్లో ధనియాల డబ్బాలో ఉన్నాయి. భార్య వనజ బ్లౌజులు కుట్టి, చిట్టీ కట్టి దాచినవి. జనవరిలో ఆమె బీఎడ్ ఫీజు కట్టాలి కదా, ఆలోపు తిరిగి పెట్టేస్తే సరి, మిగిలింది మిక్సీకి అనుకున్నాడు. నోట్లు తీసి, వాసన పట్టుబడకుండా మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

“సార్, జనవరిల రూపాయలల్లనే ఇస్తా, వందకు ఆరు కలిపి,” అన్నాడు అగుస్. మెస్‌లో నేర్చిన తెలుగు అది.

“మీ దేశం పైసలల్ల ఇస్తే?”

“మా తాన వడ్డీ ఎక్కువ, వందకు పద్దెనిమిది. కానీ సార్, మా పైసలు...”

“నాకు చెప్తున్నవా? ఏడేండ్ల సంది గదే చదువుతున్న.”

పదివేలకు వడ్డీ కలిపితే జనవరికి వాళ్ల డబ్బులో లెక్క ఎనిమిది లక్షలు తేలింది. వాళ్ల లక్షలే కానీ, లక్షలు లక్షలే. భూపాల్ ఆ పూట ఆటో ఎక్కి ఇంటికొచ్చాడు.

జాగ్రత్తలకు మాత్రం తక్కువ చేయలేదు. స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు, పాస్‌పోర్టు జిరాక్సులు మూడు, జామీనుగా మెస్ వంటాయన ఎంకన్న, వాచ్‌మన్ పేరయ్య సంతకాలు. మన ఊళ్లలో అప్పిచ్చే పద్ధతిలో ఒక్కటీ వదల్లేదు.

అగుస్ ఎక్కడికీ పోలేదు. ఆగస్టు నుంచి అతని దేశపు డబ్బే జారడం మొదలుపెట్టింది. భూపాల్ ఇంట్లో పేపరు మాన్పించాడు.

“ఏందయ్యా, పేపర్ ఎందుకు బంద్ జేసినవ్?” అంది వనజ.

“కండ్లు గుంజుతున్నయి.”

“మరి లైబ్రరీల పొద్దంత గదే చదువుతున్నవట? రాహేలక్క చూసిందట.” పక్కింటి రాహేలు లైబ్రరీలోనే పని చేస్తుంది.

జనవరి పదిన అగుస్ కవరు తెచ్చాడు. ఎనిమిది లక్షలు, ఒక్క నోటు తగ్గలేదు. పైగా దండం పెట్టాడు. అబిడ్స్‌లో నోట్లు మార్చే ఆయన, “మూడు వేల రెండొందలు. గిది గీ పూట రేటు, మాపటికి చెప్పలేను,” అన్నాడు. భూపాల్‌కి మార్చడానికి చేతులు రాలేదు. కట్ట తెచ్చి డబ్బాలో కుక్కాడు. మూత పడలేదు.

“ఏంది సారూ, ధనియాల కింద లక్షలున్నయి?” అంది వనజ.

భూపాల్ పీటమీద కూలబడి అంతా చెప్పాడు. “నీ బీఎడ్ ఫీజు ముంచిన, వనజా.”

“నా ఫీజు నవంబర్లనే కట్టిన. పోస్టాఫీసుల కొంత, రాహేలక్క తాన కొంత, మిషన్ సొరుగుల కొంత. అన్ని పైసలు ఒక్కతాన పెడ్తరా ఎవలన్న?”

“మరి డబ్బాల పదివేలు?”

“నీయే. థీసిస్ టైపింగుకు, బైండింగుకు, యూనివర్సిటీల కట్టేదానికి. మార్చి దాటితె తీసుకోరంటివి గదా.” డబ్బా మూత చేతిలోకి తీసుకుని మెల్లగా అంది. “జులైల డబ్బా ఖాళీగుంటె, టైపింగుకే తీసినవనుకున్న. ఆ దినం సంబురంగ సేమ్యా పాయసం వండిన, యాదికున్నదా?”

యాదికుంది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు కూడా.

ఆ పూటే మళ్లీ అబిడ్స్ వెళ్లి మార్చుకొచ్చిన మూడు వేల రెండొందలూ యూనివర్సిటీలో కట్టేసరికే అయిపోయాయి. ఇప్పుడు రాహేలు ఇప్పించిన పాత టైపురైటర్ ముందు కూర్చుని, రెండు వేళ్లతో నాలుగు వందల పేజీలు భూపాలే కొడుతున్నాడు. వనజ కాజాలు కుడుతూ చదివి వినిపిస్తోంది. నిన్న మూడో చాప్టర్ మొదలైంది.

“‘అప్పు తీసుకున్నవాడు ఎంత నిజాయితీపరుడైనా, కరెన్సీ పడిపోతే ఇచ్చినవాడు మునుగుతాడు. ఈ సంగతి తెలియనివారు ఈ అప్పుల జోలికి పోరాదు.’ కొట్టినవా?”

భూపాల్ సరిగ్గానే ఉన్న కాగితాన్ని మళ్లీ సర్దాడు.

“ఇనపడలేదా? మల్ల చదువుత,” అని, ఈసారి ఇంకా నిదానంగా చదివింది వనజ.