శవపేటిక వెనక మొదటి కారు

డెస్సీ కీరన్స్ అనే మనిషి లేకపోతే ఈ రోజు నేను ఇంకోలా బతుకుతుండేవాడిని. తూర్పు తీరాన ద్రోహెడాలో స్నానాల గదులకు టైల్స్ అమ్ముకునేవాడు టైల్స్ అమ్ముకోక, ఏప్రిల్ నెలలో పెళ్ళాన్నీ కుక్కనీ కారెక్కించుకుని పడమటి తీరం చూడ్డానికి ఎందుకు బయల్దేరాలి? సముద్రం ద్రోహెడా పక్కనా ఉంది. అదీ తడిగానే ఉంటుంది.

మా ఊరు నాక్‌రూలో రోడ్డు పక్కనున్న, పాకీ గిల్వారీ అనే ముసలాయన పొలంలో పన్నెండేళ్ళుగా నా గొర్రెలే మేస్తున్నాయి. కంచె నేను కట్టిందే. గేటుకు ఆకుపచ్చ రంగు నేను వేసిందే. పాకీ పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఆ పొలం ఏనాటికైనా టామ్ జో లావెల్‌ది అవుతుందని ఊళ్ళో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. టామ్ జో లావెల్ అంటే నేనే.

పాకీ మంగళవారం పోయాడు. ఉన్నదంతా అతని అక్క బ్రైడీ చేతికొచ్చింది. ఆవిడ బర్మింగ్‌హామ్‌లో యాభై ఏళ్ళు నర్సుగా చేసి, కిందటేడే తిరిగొచ్చి టౌనులో వృద్ధుల ఆశ్రమంలో ఉంటోంది. చక్రాల కుర్చీలో తిరిగే మనిషికి పొలం దేనికి? ఆ మాట ఆవిడే అంది. శవాన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఆ పొలం నువ్వు తీసుకుంటావా టామ్ జో, నాకెందుకు?" అని అడిగింది. "అబ్బే, వద్దండీ, ఇప్పుడా మాటలెందుకు" అన్నాను. గురువారం పెట్టె మూత వేసే ముందు మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను.

మా వైపు కప్పు టీ ఇచ్చినా మొదటిసారే పుచ్చుకోరు. మొదటి వద్దు మర్యాదకి, రెండో వద్దు కూడా మర్యాదకే. మూడోసారి అడిగినప్పుడు "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి" అని నెమ్మదిగా చెయ్యి చాపాలి. టీకే ఇంత ఉంటే పొలానికి ఎంతుండాలి? మూడో మాట శుక్రవారం సమాధి అయ్యాక భోజనాల దగ్గర వస్తుందని నాకు తెలుసు. మా ఆవిడ డెలియా మాత్రం రెండోసారికే ఊఁ అనాల్సిందని గొణిగింది. వాళ్ళ పుట్టింటివాళ్ళు బిస్కెట్లు మొదటి మాటకే తీసుకునే రకం.

శుక్రవారం పొద్దున డెస్సీ వేసుకున్న పథకం మామూలుదే. వెస్ట్‌పోర్ట్‌లో బస చేసిన ఇంట్లో గుడ్లూ సాసేజీలూ తినాలి, కుక్కకని రెండు సాసేజీలు కాగితంలో చుట్టుకోవాలి, మధ్యాహ్నానికల్లా అకిల్ దీవి చేరి ఇసుకలో కుక్కని పరిగెత్తించి, చేపల సూపు తాగి వెనక్కి రావాలి. కుక్క పేరు హ్యూగో. కుక్కకి మనిషి పేరు పెట్టేవాళ్ళు మనుషుల్ని ఏమని పిలుస్తారో నాకు తెలీదు. ఈ సంగతులన్నీ డెస్సీ భార్య నోరీన్ తర్వాత ఊరంతా చెప్పుకుంది కాబట్టి నేను కల్పించేదేమీ లేదు.

నా పథకమూ మామూలుదే. బ్రైడీని ఆశ్రమంవాళ్ళు ముందే చర్చికి తీసుకెళ్ళారు కనుక, శవపేటిక ఉన్న బండి వెనకాల మొదటి కారు స్థానం ఖాళీ. మా దగ్గర ఆ కారు ఎవరిదైతే వాళ్ళే పోయినవాడి సొంత మనుషులు. రోడ్డు పొడుగునా టోపీలు తీసి నిలబడే జనమంతా ముందు శవానికి దణ్ణం పెట్టుకుని, తర్వాత ఆ కారులోకి చూస్తారు. ఆ చోటు నాకేనని శవం బండివాడితో మాట్లాడుకున్నాను. కారు కడిగాను. డెలియా కొత్త టోపీ పెట్టుకుంది.

నాలుగు రోడ్ల కూడలి దగ్గర నా కారు ఒక్క క్షణం ఆగిపోయింది. పాత బండి, తడి పడదు దానికి. మళ్ళీ తాళం తిప్పేలోగా వెస్ట్‌పోర్ట్ రోడ్డు మీంచి ఒక ఎర్ర కారు వచ్చి, నాకూ పాకీకీ మధ్యలో దూరింది. వెనక అద్దంలోంచి ఒక కుక్క నావైపు చూస్తోంది.

మలుపు తిరిగాక గానీ ముందున్నదేమిటో డెస్సీకి తెలియలేదు.

"దాటకు" అంది నోరీన్.

"దాటను. పక్క సందేదైనా వస్తే తిరిగిపోదాం."

"శవం వెనకాల వస్తూ మధ్యలో తప్పుకుంటావా? మీ అమ్మకి తెలిస్తే ఏమనుకుంటుంది?"

"మా అమ్మ పోయింది కదా నోరీన్."

"అందుకే చెప్తున్నా. చూస్తూ ఉంటుంది."

చర్చిదాకా వెళ్ళి మెల్లగా జారుకుందామని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. ఈలోగా వెనకనుంచి నేను లైట్లు కొట్టాను, పక్కకి తప్పుకుంటాడని. శవం వెంట వెళ్ళే కార్లు పట్టపగలే లైట్లు వేసుకోవడం ఆచారం కదా, అది గుర్తుచేస్తున్నాననుకుని అతను లైట్లు వేసుకున్నాడు. వేసుకుని, అద్దంలోంచి నాకు కృతజ్ఞతగా ఒక వేలు ఎత్తి చూపించాడు. దాంతో అతను పాకీ సొంత మనిషేనని చూసేవాళ్ళకి ఏ అనుమానమూ లేకుండా పోయింది.

అప్పుడు నేను హారన్ కొట్టాను. శవం వెనక హారన్ కొట్టినవాడు మా చర్చి కిందున్న ఊళ్ళలో అంతకుముందు ఎవరూ లేరట. రోడ్డు పక్కన టోపీలు తీసినవాళ్ళు ఆ టోపీల మీదుగా నావైపు చూశారు. డెలియా కొత్త టోపీతో సహా సీట్లో కిందకి జారిపోయింది.

"ఇంకోసారి కొట్టావంటే నేను దిగి నడుచుకుంటూ పోతాను" అంది.

చనిపోయినవాడి ఇంటి ముందు శవం బండి కాసేపు ఆగుతుంది. పాకీ ఇంటి ముందూ ఆగింది. ఇదే అవకాశమనుకుని డెస్సీ బండివాడిని దారి అడగడానికి కారు దిగాడు. దిగీ దిగకముందే గేటు దగ్గరున్న ఇరుగుపొరుగు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఎంత కష్టమొచ్చిందండీ మీకు."

"పర్లేదండీ" అన్నాడు డెస్సీ. పాపం, ఇంకేమంటాడు?

మీరెవరని మా వైపు ఎవరూ అడగరు. అది పోలీసులు అడిగే ప్రశ్న. చాలా దూరం నుంచి వచ్చారా అని మాత్రం అడుగుతారు. ద్రోహెడా నుంచండీ అని అతను నిజమే చెప్పాడు. ఆ ఒక్క నిజంతో కొంప మునిగింది. పాకీ తమ్ముడు మార్టిన్ ఎప్పుడో ఒక పెయ్యదూడ విషయంలో అన్నతో తగువు పడి, ద్రోహెడా వెళ్ళి సిమెంటు ఫ్యాక్టరీలో చేరి, అక్కడే పోయాడు. ఇటువైపు మళ్ళీ రాలేదు. గేటు దగ్గరున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మార్టిన్ కొడుకన్నమాట. "ఆ ముక్కు చూడు, అచ్చం మార్టిన్‌దే" అంది ఒకావిడ. మార్టిన్ ఊరొదిలి వెళ్ళేనాటికి ఆవిడ ఇంకా పుట్టలేదు.

అదే సమయానికి నోరీన్ కుక్కని మూత్రానికని కిందకి దింపింది. అది తాడు విడిపించుకుని, నేను రంగు వేసిన గేటు కిందనుంచి దూరి, నా గొర్రెల మధ్యనుంచి దూసుకుపోయింది. ఈనిన గొర్రెలు, వారం రోజుల పిల్లలు, అన్నీ మూలకి పరుగెత్తాయి. వేరే రోజైతే నేను తుపాకీ తెచ్చేవాడిని. కానీ అప్పటికే హారన్ కొట్టి ఉన్నాను, మళ్ళీ అరవడానికి మొహం చెల్లలేదు. హ్యూగో పొలమంతా రెండు చుట్లు తిరిగి, పాకీ ఇంటి గడప మీద వెల్లకిలా పడుకుంది. పాకీ తిని మిగిల్చిన మాంసం ముక్కలు విసిరే చోటది.

"ఎవరి ఇల్లో కుక్కకి తెలిసిపోతుంది" అన్నాడొకాయన, కళ్ళు తుడుచుకుంటూ.

చర్చి దగ్గర పెట్టె మొయ్యడానికి కుటుంబం తరఫున డెస్సీని ముందు నిలబెట్టారు. అటు భుజం అతనిది, ఇటు భుజం నాది. పెట్టె కింద ఒకరి భుజాల మీదుగా ఒకరం చేతులు వేసుకోవాలి. అతను నాకంటే తలంత పొట్టి. పాకీ బతికినన్నాళ్ళూ నావైపు మొగ్గినవాడు, ఆ రోజు అతనివైపు ఒరిగాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాను పళ్ళు బిగించి.

"ఎవర్నీ కాదండీ. అకిల్ చూడ్డానికి పోతున్నాం. మీరు కాస్త వదిలితే వెళ్ళిపోతాను."

"ఇప్పుడు వదిలితే పాకీ పడతాడు."

"అదీ నిజమేనండీ" అన్నాడు డెస్సీ.

నా మనసు తేలికైపోయింది. వారసుడు కాదు, ఎవడో దారినపోయేవాడు. ఈ సంగతి బయటపెట్టడానికి భోజనాల వేళే మంచిదనుకున్నాను. ఎవరు పరాయివాడో ఎవరు సొంతవాడో బ్రైడీకి పదిమంది ముందు తెలిసిపోతుంది. ఆ వెంటనే మూడో మాట అడుగుతుంది. నా వైపు బరువు నాకు తెలియనే లేదు.

అతన్ని ముందు వరసలో బ్రైడీ పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ చెవిలో అతను చాలాసేపు ఏదో చెప్పాడు. ఏ అబద్ధాలు చెబుతున్నాడో అనుకున్నాను. హ్యూగో తిన్నగా నడిచొచ్చి పెట్టె కింద పడుకుని గురక పెట్టింది. నోరులేని జీవి కూడా దుఃఖిస్తోందని ఫాదర్ ప్రసంగంలో అన్నాడు. చాలామంది ఏడ్చారు. పన్నెండేళ్ళు పక్క పొలంలో ఉన్నవాడిని, నేను ఏడిస్తే ఎవరూ చూడలేదు.

భోజనాలు పబ్బు వెనక గదిలో. వడ్డించే అమ్మాయి సాండ్‌విచ్‌ల పళ్ళెం ముందు డెస్సీకి చూపించి తీసుకుంటారా అంది. "తీసుకుంటానండీ, ఆకలి దంచేస్తోంది" అని రెండు తీసుకున్నాడు. బల్ల చుట్టూ తలలన్నీ అటు తిరిగాయి. మొదటి మాటకే. అదీ రెండు.

"ద్రోహెడా" అంది డెలియా, జైలు పేరు చెప్పినట్టు.

నేను సూపు రెండుసార్లు వద్దని, మూడోసారి పుచ్చుకుని, మూతి తుడుచుకుని లేచి నిలబడ్డాను.

"బ్రైడీ, ఇది చెప్పకపోతే పాకీ ఆత్మకి శాంతుండదు. ఈయన మార్టిన్ కొడుకు కాదు. మీకు ఏమీ కాడు. సరదాగా ఊళ్ళు చూడ్డానికి పోతూ, దారిలో మన మధ్యన దూరాడు."

డెస్సీ మెడ దాకా ఎర్రబడ్డాడు. నోరీన్ బల్ల కిందకి వంగి కుక్క తాడు వెతుక్కుంది. బ్రైడీ మాత్రం బంగాళదుంప కోసుకుంటూనే ఉంది.

"తెలుసు నాయనా. చర్చిలోనే చెప్పాడు. మార్టిన్‌కసలు పిల్లలే లేరు. వెళ్ళిపోతానన్నాడు, భోంచేసి వెళ్ళు అన్నాను, సరేనన్నాడు. అడిగిన మాటకి ఉన్నమాట చెప్పే మనిషిని బర్మింగ్‌హామ్ వదిలాక ఇదే చూడ్డం." ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. "ఇంతకీ ఆ హారన్ కొట్టింది ఎవరు?"

అందరూ నావైపే చూశారు కాబట్టి ఎవరూ చెప్పాల్సిన అవసరం పడలేదు.

నేను మాట మార్చడానికి, పాకీ పొలం చూసుకునే మనిషి ఒకడుండాలి కదా అన్నాను. అవును, ఆ పొలమొకటుంది అంది బ్రైడీ. బల్ల కింద డెలియా కాలు నా కాలిని వెతికి పట్టుకుంది. 'సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి' అన్న మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. చెయ్యి చాపడానికి నాప్కిన్ కూడా పక్కన పెట్టేశాను.

ఆవిడ ఎడమవైపు తిరిగింది.

"ఏం డెస్సీ, మీ కుక్క ఆ పొలంలో తెగ పరిగెత్తిందట. నువ్వు తీసుకుంటావా?"

"తీసుకుంటానండీ" అన్నాడు డెస్సీ. నోట్లో సాండ్‌విచ్ ఇంకా ఉంది.

"బ్రైడీ," అన్నాను, "పన్నెండేళ్ళుగా నేను..."

"ముందు నిన్నే కదా అడిగాను. ఒకసారి కాదు, రెండుసార్లు. వద్దన్నావు. వద్దన్న మనిషిని ఇంకా పట్టుకుని పీకడం నాకు చాతకాదు నాయనా."

గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు ఆ రెండు వద్దులూ ఎందుకన్నానో. వాళ్ళయినా అలాగే అనేవాళ్ళు. కానీ ఒక్కడూ నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు. మర్యాదకి వద్దన్నానని చెప్పుకోవడం మర్యాద కాదు. డెలియా కాలు మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది.

మే నెలకల్లా కాగితాలు అయిపోయాయి. వారం వారం కుక్కని తీసుకుని ద్రోహెడా నుంచి వస్తున్నారు, మా ఊళ్ళో అందరికీ చెయ్యి ఊపుతూ. కిందటి శుక్రవారం డెస్సీ నా తలుపు తట్టాడు. గొర్రెల్ని తోలుకుపోవక్కర్లేదు, ఎప్పట్లాగే మేపుకోండి, పైసా ఇవ్వక్కర్లేదు, ఏమంటారు అని అడిగాడు.

"అబ్బే, వద్దండీ" అన్నాను.

"సరేనండీ" అని వెళ్ళిపోయాడు.

నాలుగుంపావు ఎకరాలు, గేటుతో సహా.